టింకరింగ్, పెయింటింగ్ అయిన నాలుగు నెలలకే లాకర్ పూత లేస్తోంది, బండి ఎడమకి లాగుతోంది: షెడ్డువాళ్ళు మాకు సంబంధం లేదంటున్నారు

కొత్తపేట_సెడాన్:

బండి 2021 మోడల్ 1.2 పెట్రోల్ సెడాన్, సిల్వర్ మెటాలిక్. ముందు ఎడమ మూల దెబ్బతింది. ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న షెడ్డులో క్యాష్‌లెస్ కింద పని జరిగింది. మొత్తం బిల్లు 78,600 రూపాయలు. కంపెనీ 54,900 ఇచ్చింది, మిగతా 23,700 నేను కట్టాను. పాలసీలో జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు.

బిల్లు ప్రకారం ముందు బంపర్, ఎడమ హెడ్‌ల్యాంప్, ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి) కొత్తవి వేశారు. ఎడమ ఫెండర్, ఎడమ అప్రాన్ (బానెట్ కింద చక్రం పైనుండే లోపలి రేకు), ముందు ఎడమ డోర్ రిపేరు చేశారు. పెయింటింగ్‌కి 16,000. వీల్ అలైన్‌మెంట్‌కి 600 వేశారు కానీ ప్రింటు ఇవ్వలేదు.

డెలివరీ అయి 4 నెలలు, 3,900 కిలోమీటర్లు. ఇప్పుడు ఫెండర్ మీద, చక్రం వంపు దగ్గర, పెసరగింజంత బుడగలు ఓ పది దాకా ఉన్నాయి. డోర్ కింది అంచున లాకర్ (రంగు మీది పారదర్శక పూత) పొరగా లేస్తోంది, దాని కింద సిల్వర్ రంగు అలాగే ఉంది. బంపర్ మీద అరచేయంత మేర రంగు రేకులా ఊడి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. చదును రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే బండి ఎడమకి పోతుంది. ఎడమ ముందు టైరు లోపలి అంచు అరిగిపోయింది, కుడి టైరు సమంగానే ఉంది.

షెడ్డువాళ్ళు మూడు మాటలంటున్నారు. ప్రెషర్ వాషర్ పెట్టబట్టే రంగు ఊడిందని. గుంతలో దించబట్టే లాగుతోందని. సర్వేయర్ రిపేరుకే ఒప్పుకున్నాడు, ఫెండర్ మార్చమనలేదు కాబట్టి బుడగల సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళనే అడగమని. పైగా డెలివరీ రోజు నేను సంతకం పెట్టిన సాటిస్‌ఫ్యాక్షన్ వోచర్ (పని బాగుందని రాసిచ్చే కాగితం) చూపిస్తున్నారు.

బాధ్యత ఎవరిది? వేరే చోట చేయించి ఆ బిల్లు వీళ్ళ మీద వేయొచ్చా?

బూత్_60డిగ్రీలు:

ముందు ఒక పని ఆపండి. బుడగల్ని గీకొద్దు, లేచిన లాకర్ని పీకొద్దు, పాలిష్ కొట్టించొద్దు. ఊడిన రంగు ముక్కలు ఇంకా ఉంటే తేదీ రాసిన కవర్లో దాచండి. ఆ ముక్క వెనకవైపు చూస్తేనే ఏ పొర దగ్గర పట్టు తప్పిందో తెలుస్తుంది.

మీరు చెప్పిన మూడూ వేర్వేరు లోపాలు. అన్నీ కలిపి "పెయింట్ బాగా లేదు" అంటే ప్రెషర్ వాషర్ అనే ఒక్క జవాబుతో సరిపెట్టేస్తారు. విడివిడిగా రాసి అడగండి.

బంపర్ సంగతి అన్నిటికన్నా స్పష్టం. అది పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, రంగు దానికి ఊరికే అంటుకోదు. కొత్త బంపర్ మీద అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. దాన్ని సబ్బు నీళ్ళతో, తర్వాత ప్లాస్టిక్ క్లీనర్‌తో కడిగి, స్కఫ్ ప్యాడ్‌తో రుద్ది, అడ్హిషన్ ప్రమోటర్ (ప్లాస్టిక్ మీద రంగు పట్టేలా కొట్టే ద్రవం) ఒక పల్చటి కోటు కొట్టాకే ప్రైమర్, రంగు వేయాలి. నల్ల ప్లాస్టిక్ బయటపడేలా రేకులా ఊడిందంటే పట్టు తప్పింది మొట్టమొదటి పొర దగ్గరే. కడగడం సరిగా చేయలేదు, లేదా ప్రమోటర్ కొట్టలేదు. వాషర్ నాజిల్ ఆనించి పెడితే పెచ్చు ఉన్న చోట ఇంకాస్త లేవవచ్చు. కానీ సరిగా పట్టిన రంగు అరచేయంత మేర, వెనకాల ఒక్క చుక్క ప్రైమర్ కూడా మిగలకుండా ఊడదు. వాషర్ ఆ లోపాన్ని బయటపెట్టింది, అంతే.

డోర్ దగ్గర బేస్ కోటు (రంగు పొర) అలాగే ఉండి పైన క్లియర్ (మీరన్న లాకర్) మాత్రమే లేస్తోంది కాబట్టి ఆ రెండు పొరల మధ్య పట్టు లేదు. బేస్ కొట్టాక క్లియర్ కొట్టడానికి ఒక గడువుంటుంది. చాలా రకాలకి అది 24 గంటల లోపే. సాయంత్రం బేస్ కొట్టి రెండు రోజులాగి క్లియర్ కొడితే, మధ్యలో రుద్దకపోతే, ఇలాగే అవుతుంది. బేస్‌ని దూరం నుంచి పొడిపొడిగా కొట్టినా, క్లియర్ పల్చబడినా ఇంతే. క్లియర్ ఆరాక 40 నుంచి 50 మైక్రాన్లుండాలి. ఇక కింది అంచు అంటారా, వంగి రుద్దాల్సిన చోటు కాబట్టి అక్కడ సాండింగ్ ఎగ్గొడతారు.

పక్షి రెట్ట, ఎండ అని కూడా అంటారు చూడండి. రెట్ట పడితే మచ్చలా, ఉంగరంలా తినేస్తుంది, పొరగా లేపదు. ఎండ వల్ల క్లియర్ పోవాలంటే ఏళ్ళు పడుతుంది, అదీ ముందు బానెట్, టాపు మీద మొదలవుతుంది. డోర్ కింది అంచున నాలుగు నెలలకి కాదు.

ఫెండర్ బుడగలకి రెండు దారులున్నాయి. తుప్పు పూర్తిగా తీయకుండా పుట్టీ పెట్టడం ఒకటి. పుట్టీని నీళ్ళ కాగితంతో రుద్దడం రెండోది. పాలిస్టర్ పుట్టీ స్పాంజిలా నీరు పీల్చుకుంటుంది. తడి ఆరకుండా ప్రైమర్ కొడితే ఆ నీరు లోపలే ఉండి, వేడికి ఆవిరై రంగుని పైకి నెడుతుంది. అందుకే పుట్టీని పొడిగానే రుద్దాలి. రాయి తగిలిన దెబ్బకీ దీనికీ తేడా కంటితోనే తెలుస్తుంది. రాయి తగిలితే నడిమధ్య గుంత, చిట్లిన అంచు ఉంటాయి. మీ బుడగల మీద రంగు చెక్కు చెదరకుండా ఉంటే కారణం లోపలుంది.

పెయింట్ మందం కొలిచే గేజ్ ఉన్నవాళ్ళతో కొలిపించండి. ఫెండర్, డోర్ ఒక్కోటి కనీసం 5 చోట్ల, అలాగే కుడివైపు ఫెండర్, డోర్ కూడా. ఫ్యాక్టరీలో వేసిన రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. శుభ్రంగా మళ్ళీ వేసింది 200 నుంచి 350. వెయ్యి దాటిందంటే కింద పుట్టీ ఉంది. పుట్టీ 2, 3 మిల్లీమీటర్లకి, అంటే 2,000, 3,000 మైక్రాన్లకి మించకూడదు. అంతకన్నా లోతు ఉంటే రేకుని ఇంకా లాగి తీయాల్సింది. గేజ్ ఆనించి ఉండగా, అంకె, ప్యానెల్ రెండూ కనిపించేలా ఫోటో తీయండి. బంపర్ మీద ఈ గేజ్ పనిచేయదు, అది లోహం మీదే చదువుతుంది.

స్ట్రట్_టవర్:

పెయింట్ కన్నా లాగడమే పెద్ద సమస్య. అందులో ప్రాణం సంగతి ఉంది. అది తేలేదాకా హైవే ఎక్కకండి.

ముందు సులువైనవి చూసెయ్యండి. నాలుగు టైర్ల గాలి డోరు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత పెట్టి, ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగడం కుడికి మారితే తప్పు టైరుది. మారకపోతే యాంగిల్స్ చూడాలి. టైర్లు మార్చే ముందు ఎడమ టైరు ట్రెడ్ లోతు లోపల, మధ్య, బయట మూడు చోట్ల కొలిచి, ఓడోమీటరుతో పాటు ఫోటో తీయండి. మార్చాక ఏ టైరు ఎక్కడుండేదో రుజువు చేయడం కష్టం.

తర్వాత త్రీడీ అలైన్‌మెంట్ మెషీన్ ఉన్న చోటికి వెళ్ళి "రీడింగ్ మాత్రమే కావాలి, ఏమీ తిప్పొద్దు" అని ముందే చెప్పండి. చాలాచోట్ల ఎక్కించగానే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సరిచేసి, ఆఖరి అంకెలున్న ప్రింటు ఒక్కటే ఇస్తారు. మీకు కావాల్సింది మొదటి అంకెలు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగిన కోణం, పైభాగం లోపలికైతే నెగెటివ్), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం), టోతో పాటు ఎస్ఏఐ (అదే ఇరుసు ముందు నుంచి చూస్తే లోపలికి వాలిన కోణం), ఇంక్లూడెడ్ యాంగిల్ కూడా ప్రింటులో రావాలి. ఆ రెండూ రావాలంటే స్టీరింగ్‌ని రెండు వైపులా తిప్పి కొలవాలి. బద్ధకిస్తారు, నిలబడి చేయించుకోండి.

మీ లక్షణాలు ఏం చెబుతున్నాయంటే: టో తప్పితే అరుగుదల రెండు ముందు టైర్ల మీదా పడుతుంది, ఎందుకంటే నేరుగా నడిచేటప్పుడు చక్రాలు రెండూ ఆ తేడాని పంచుకుంటాయి. ఒక్క ఎడమ టైరే, అదీ లోపలి అంచే అరిగిందంటే ఎడమ క్యాంబర్ బాగా నెగెటివ్‌లో ఉండాలి. కానీ క్యాంబర్ తేడా ఒక్కటే అయితే బండి పాజిటివ్ ఎక్కువున్న వైపుకి, అంటే మీకు కుడికి లాగాలి. ఎడమకి లాగుతోంది కాబట్టి ఎడమ క్యాస్టర్ కూడా తగ్గి ఉండాలి. బండి ఎప్పుడూ క్యాస్టర్ తక్కువున్న వైపుకే పోతుంది. చక్రం కింది భాగం వెనక్కి జరిగితే క్యాస్టర్ తగ్గుతుంది, స్ట్రట్ (చక్రం పైన స్ప్రింగు, షాకు ఉన్న కంభం) పైభాగం లోపలికి జరిగితే క్యాంబర్ నెగెటివ్ అవుతుంది. ముందు ఎడమ మూల దెబ్బకి జరిగేవి సరిగ్గా ఈ రెండే.

గుంత వాదనకి జవాబు ఎస్ఏఐ, ఇంక్లూడెడ్ యాంగిల్‌లో దొరుకుతుంది. ఇంక్లూడెడ్ యాంగిల్ అంటే ఎస్ఏఐ, క్యాంబర్ కలిపిన మొత్తం. అది కుడి ఎడమల సమానంగా ఉండి, ఎడమ ఎస్ఏఐ పెరిగి క్యాంబర్ అంతే తగ్గి ఉంటే స్ట్రట్, నకిల్ (చక్రం హబ్‌ని పట్టే ముక్క) వంగలేదని అర్థం. జరిగింది స్ట్రట్ టవరు, అంటే వాళ్ళు రిపేరు చేశామన్న అప్రాన్, లేదా కింద క్రాస్ మెంబర్ (ఇంజను కింద అడ్డంగా ఉండే దూలం). ఇంక్లూడెడ్ యాంగిలే తేడాగా ఉంటే వంగింది నకిల్ లేదా స్ట్రట్. అప్పుడు గుంత వాదనకి కొంత చోటుంటుంది, యాక్సిడెంటులో వంగినదాన్ని చూడకుండా వదిలేశారన్న మీ వాదనకీ చోటుంటుంది. గుంత దెబ్బ అంత గట్టిదైతే రిమ్ లోపలి అంచు వంగాలి, టైరు పక్కగోడ ఉబ్బాలి. ఎడమ రిమ్ విప్పించి లోపలి వైపు ఫోటో తీయండి. అది నున్నగా ఉంటే వాళ్ళ మాట నిలబడదు.

క్యాంబర్ కానీ క్యాస్టర్ కానీ రెండు వైపులా అర డిగ్రీకి మించి తేడా ఉంటే నేను ఒప్పుకోను. ఈ తరహా బళ్ళలో మామూలుగా తిప్పి సరిచేయగలిగేది ముందు టో ఒక్కటే. కాబట్టి "మళ్ళీ అలైన్‌మెంట్ ఫ్రీగా చేస్తాం" అన్న మాటకి విలువ లేదు. అప్రాన్‌ని బాడీ లాగే బెంచి మీద లాగి, కారు కంపెనీ కొలతల చార్టుతో మూలమూలకీ సరిచూడాలి. మామూలుగా 3 మిల్లీమీటర్ల తేడా వరకే ఒప్పుకుంటారు.

ఆటోనగర్_రోడ్డు3:

ఇంత దేనికండీ. ఇంకో మంచి షెడ్డులో మొత్తం చేయించేసి, బిల్లు జత చేసి లాయర్ నోటీసు కొట్టండి. డబ్బు అదే వస్తుంది.

వినియోగదారు_పక్షం:

పై సలహా దయచేసి పాటించకండి. ఇలాంటి కేసులు ఎక్కువగా ఓడిపోయేది అక్కడే. వేరే షెడ్డు గీకి, లాగి, రంగేశాక పాత లోపం ఎలా ఉండేదో చూపడానికి ఏమీ మిగలదు. మొదటి షెడ్డు తరఫున ఒక్క ప్రశ్న చాలు: "మాకు చూసే అవకాశమే ఇవ్వకుండా విప్పేశారు, మేం చేసిన పనిలో తప్పుందని ఎలా నమ్మాలి?" లోపం ఉందని మొదట చూపించాల్సిన భారం ఫిర్యాదుదారు మీదే ఉంటుంది.

చట్టం సంగతికొస్తే ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. అది 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. పనిలో నాణ్యత లోపం సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం. డబ్బులో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా సేవ పొందింది మీరు, మీ చేతి నుంచి 23,700 కూడా వెళ్ళింది కాబట్టి మీరు వినియోగదారే. బండి ట్యాక్సీ అయినా, సొంత జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునేవాళ్ళు ఈ చట్టం పరిధిలోనే ఉంటారు. "వాహనం యజమాని బాధ్యతపైనే" అని బిల్లు వెనక అచ్చేసుకున్నంత మాత్రాన చెడ్డపని చేసే హక్కు రాదు. మన కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 151 ప్రకారం అప్పగించిన వస్తువు మీద మామూలు వివేకమున్న మనిషి తన వస్తువు మీద చూపేంత జాగ్రత్త చూపాల్సిందే.

వరస ఇలా పెట్టుకోండి. పైన ఇద్దరు చెప్పిన ఫోటోలు, గేజ్ అంకెలు, అలైన్‌మెంట్ ప్రింటు ముందు సిద్ధం చేయండి. ఆ తర్వాత షెడ్డుకి రాతపూర్వక నోటీసు: మెయిల్లో ఒకటి, స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువు వచ్చేలా ఒకటి. అందులో జాబ్‌కార్డు నంబరు, బిల్లు నంబరు, డెలివరీ తేదీ, అప్పటి ఇప్పటి కిలోమీటర్లు, ఒక్కో లోపం ఒక్కో పేరా. "15 రోజుల్లో వచ్చి చూసి, ఎలా సరిచేస్తారో రాసివ్వండి, లేదంటే స్వతంత్ర నిపుణుడితో పరిశీలన చేయించి ఆ ఖర్చు కూడా అడుగుతాను" అని రాయండి. పరిశీలన రోజు, చోటు, టైము ముందే చెప్పి వాళ్ళనీ రమ్మనండి. రాకపోతే, రాలేదన్నదే మీకు బలం. చట్టం ప్రకారం లాయర్ నోటీసే ఉండాలని లేదు, మీ సంతకంతో చాలు.

స్వతంత్ర నిపుణుడంటే లైసెన్సున్న మోటారు సర్వేయర్ లేదా ఆటోమొబైల్ ఇంజినీరు. రిపోర్టులో "నాణ్యత తక్కువ" అని రాస్తే లాభం లేదు. ఏ పొర దగ్గర పట్టు తప్పింది, ఏ కొలత ఎంత తేడా, అది బయటి కారణం వల్ల ఎందుకు కాకపోవచ్చు, ఈ మూడూ ఉండాలి. కింద ఆయన ప్రమాణ పత్రం. కేసు వేశాక వినియోగదారుల కమిషన్‌నే నిపుణుణ్ణి నియమించమని కూడా అడగొచ్చు. వాట్సాప్ మెసేజీలు, ఫోటోలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేయండి. పాత సాక్ష్య చట్టం 65బీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అదే.

నోటీసుకి కదలకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. అది రాజీ వేదికే, తీర్పు ఇవ్వదు. అయినా కొన్ని షెడ్లు అక్కడికే దిగొస్తాయి. ఆ తర్వాత జిల్లా కమిషన్. ఇ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. సేవకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్ళు. లోపం ఎప్పుడు బయటపడిందన్న వాదన లేకుండా డెలివరీ తేదీ నుంచే లెక్కేసుకోండి. కమిషన్ నోటీసు అందాక ఎదుటి పక్షానికి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ 45 రోజులు దాటనివ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అడిగే మొత్తం లెక్కతో ఉండాలి. టైరుకి పూర్తి ధర అడగకండి. ఉదాహరణకి కొత్త ట్రెడ్ 7.5 మిల్లీమీటర్లు, చట్టం ఒప్పే కనిష్ఠం 1.6, అంటే వాడుకోగలిగింది 5.9. రిపేరు నాటికి 5.6 ఉండి, ఇప్పుడు 1.6కి అరిగిందనుకుంటే మీరు కోల్పోయింది 4.0. టైరు ధర 5,200 అయితే అందులో దాదాపు 68 శాతం, సుమారు 3,525 రూపాయలు. ఇలా అడిగితే మిగతా అంకెల మీద కూడా నమ్మకం కుదురుతుంది.

సర్వే_రిపోర్టు:

సాటిస్‌ఫ్యాక్షన్ వోచర్ గురించి. కంపెనీ షెడ్డుకి డబ్బు విడుదల చేయడానికి అది కావాలి. దాని పని అంతవరకే. డెలివరీ రోజు కంటికి కనిపించేవి, అంటే రంగు తేడా, డోరు గ్యాప్, హెడ్‌ల్యాంప్ వంకర, వీటి మీద ఇప్పుడు వాదిస్తే ఆ సంతకం అడ్డొస్తుంది. రంగు కింద తడి, ప్రమోటర్ లేకపోవడం, అప్రాన్ కొలత, ఇవి ఆ రోజు ఎవరికీ కనిపించవు. దాగి ఉన్న లోపానికి ఆ సంతకం అంగీకారం కాదు.

"సర్వేయర్ రిపేరుకే ఒప్పుకున్నాడు" అన్నది కూడా తప్పించుకునే మాట. సర్వేయర్ తేల్చేది కంపెనీ ఎంత ఇవ్వాలని. ఆ ఫెండర్ రిపేరుకి పనికిరాదని షెడ్డుకి తెలిస్తే, విప్పాక సప్లిమెంటరీ ఎస్టిమేట్ (అదనపు అంచనా) వేసి మళ్ళీ చూడమనాలి. అలా అడిగినట్టు మెయిల్ ఉందా అని రాతలో అడగండి. అడగకుండా పుట్టీ నింపితే ఆ నిర్ణయం వాళ్ళది.

అలాగే "పెయింట్‌కి మీరు కట్టింది చాలా తక్కువ" అంటే లెక్క చూపించండి. పెయింట్ మెటీరియల్ మీద తరుగు 50 శాతం. బిల్లులో మెటీరియల్ విడిగా చూపకపోతే మొత్తం పెయింటింగ్ చార్జీలో 25 శాతాన్ని మెటీరియల్‌గా తీసుకుంటారు. మీ 16,000లో మెటీరియల్ 4,000, తరుగు 2,000. మిగతా 14,000 కంపెనీ లెక్కలోకి వెళ్ళింది. ఎవరు కట్టినా షెడ్డుకి అందింది 16,000 రూపాయల పనికి డబ్బు.

లోయర్ ఆర్మ్ దగ్గర ఆగండి. క్యాస్టర్ తగ్గిందన్న అనుమానం నిజమైతే కొత్త ఆర్మ్ అసలు వేశారా అన్నది చూడాలి. లిఫ్ట్ మీద ఎక్కించి ఎడమ, కుడి ఆర్ములు పక్కపక్కన ఫోటో తీయండి. 3,900 కిలోమీటర్లు తిరిగిన ఆర్మ్ బుష్‌లు నల్లగా బిగువుగా ఉండాలి, బోల్టు తలల మీద స్పానర్ తగిలిన గుర్తులుండాలి. రెండు వైపులా ఒకేలా తుప్పు, ఒకేలా పగుళ్ళుంటే అనుమానం బలపడుతుంది. ఆ పార్టు కొన్న ఇన్‌వాయిస్, పార్టు నంబరు అడగండి. వేయకుండా బిల్లు వేసినట్టు తేలితే అది పని లోపం కాదు, మోసం. డబ్బు కట్టింది కంపెనీ కూడా కాబట్టి క్లెయిమ్ నంబరుతో వాళ్ళ గ్రీవెన్స్ విభాగానికి వెంటనే రాయండి. సర్వే రిపోర్టు, రిపేరు తర్వాత మళ్ళీ తనిఖీ జరిగి ఉంటే ఆ రిపోర్టు, రెండూ అడిగి తెచ్చుకోండి.

షెడ్డు చేసిన పనికి తాము బాధ్యులం కాదని కంపెనీ తప్పక అంటుంది. అయినా తమ నెట్‌వర్క్‌లో పెట్టి పంపింది వాళ్ళే. నెట్‌వర్క్ నుంచి తీసేస్తారన్న భయం షెడ్డుకి నోటీసు కన్నా ఎక్కువ.

కొత్తపేట_సెడాన్:

అందరికీ ధన్యవాదాలండీ. కొలతలు వచ్చాయి. ఫెండర్ మీద చక్రం వంపు దగ్గర 2,840, 3,120 మైక్రాన్లు. కుడి ఫెండర్ 118. క్యాంబర్ ఎడమ మైనస్ 1.6, కుడి మైనస్ 0.4. క్యాస్టర్ ఎడమ 2.3, కుడి 3.4. ఎస్ఏఐ ఎడమ 14.1, కుడి 12.9. రిమ్ లోపల దెబ్బ లేదు.

మెయిల్ పెట్టాక షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. ఫెండర్, డోర్, బంపర్ ఉచితంగా మళ్ళీ పెయింట్ చేస్తారట, అలైన్‌మెంట్ మాత్రం కుదరదట. "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న కాగితం మీద ముందు సంతకం పెట్టాలట. బండి వాళ్ళ దగ్గర వదిలితే ఇవ్వకుండా ఆపుతారేమోనని కూడా భయంగా ఉంది.

స్ట్రట్_టవర్:

ఇంక్లూడెడ్ యాంగిల్ ఎడమ 12.5, కుడి 12.5. స్ట్రట్, నకిల్ బాగున్నాయి. టవరు 1.2 డిగ్రీల మేర లోపలికి ఒరిగి ఉంది. క్యాస్టర్ 1.1 తేడా కాబట్టి కింద కూడా ఏదో వెనక్కి ఉంది: క్రాస్ మెంబర్ బిగించిన చోటు, లేదా ఆర్మ్. గుంతలో దిగి, రిమ్ చెక్కు చెదరకుండా, స్ట్రట్ వంగకుండా, టవరు ఒక్కటే ఇంత జరగడం నమ్మదగ్గది కాదు. ఈ నాలుగు వరుసలూ నోటీసులో యథాతథంగా పెట్టండి.

వినియోగదారు_పక్షం:

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పెయింట్‌కి ఒప్పుకోండి, స్ట్రక్చర్‌ని బయట ఉంచండి. మీరే ఇలా రాసి పంపండి: "పెయింట్ లోపాలకి సంబంధించి ఉచిత పనిని అంగీకరిస్తున్నాను. అప్రాన్, సస్పెన్షన్, టైరుకి సంబంధించిన నా హక్కులు యథాతథంగా ఉన్నాయి. పెయింట్ పని సంతృప్తిగా పూర్తయి, 12 నెలలు లోపం లేకుండా నిలిచాకే ఆ భాగం పరిష్కారమైనట్టు." అయితే వరస ముఖ్యం. అప్రాన్ లాగకుండా ఫెండర్‌కి రంగేస్తే తర్వాత లాగేటప్పుడు ఆ రంగు మళ్ళీ పాడవుతుంది. కాబట్టి ముందు అప్రాన్, తర్వాతే పెయింట్ అని పట్టుబట్టండి. అప్రాన్‌కి ఒప్పుకోకపోతే పెయింట్ కూడా ఇప్పుడే చేయించకుండా, స్వతంత్ర పరిశీలన ముగించి కేసుకి వెళ్ళడం నయం.

బండి ఆపే హక్కు గురించి: కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ప్రకారం తన శ్రమ, నైపుణ్యం పెట్టిన వస్తువుని ఆ పని కూలి అందేదాకా షెడ్డు తన దగ్గర ఉంచుకోవచ్చు. పాత బిల్లు తీరిపోయింది, కొత్తది ఉచితం. అలాంటప్పుడు ఆపడానికి ఆధారం లేదు. అందుకే లోపలికి ఇచ్చే రోజే జాబ్‌కార్డు మీద "చార్జీ: సున్నా" అని రాయించి, సీలు వేయించుకోండి. ఒకవేళ బయటికి తేవడానికి డబ్బు అడిగితే గొడవపడి బండి అక్కడ వదిలేయకండి. ఆన్‌లైన్లో కట్టి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి, ఆ ఫోటోని అప్పుడే వాళ్ళకి మెయిల్ చేయండి. ఆ మొత్తాన్ని కేసులో కలుపుకోవచ్చు.

బూత్_60డిగ్రీలు:

3,120 అంటే మూడు మిల్లీమీటర్లు దాటింది. ఆ ఫెండర్‌ని మళ్ళీ రుద్ది పైన రంగేయడానికి ఒప్పుకోకండి. బోల్టులతో ఊడే ప్యానెల్ అది. కొత్తది వేయించడమే మేలు, వాళ్ళకీ కూలి తగ్గుతుంది.

ఏం చేయాలో జాబ్‌కార్డు మీదే రాయించండి. డోర్ మీద లేచిన క్లియర్‌ని పైపైన అతికించడం కాదు, పట్టున్న పొర దాకా రుద్ది తీసేయాలి. రేకు బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్, దాని మీద 2కే సర్ఫేసర్ (హార్డెనర్ కలిపి కొట్టే నింపుడు ప్రైమర్), ఆరాక 600 నంబరు కాగితం. బేస్ రెండు మూడు కోట్లు, కోటు కోటుకీ 5 నుంచి 10 నిమిషాల ఆరుదల, అదే రోజు క్లియర్ రెండు కోట్లు. బూత్‌లో రేకు వేడి 60 డిగ్రీలకి చేరాక 30 నిమిషాలు. గాలి వేడి కాదు, రేకు వేడి.  బంపర్‌ని విప్పి విడిగా, పాత రంగు మొత్తం తీసి, ప్రమోటర్‌తో మొదలెట్టాలి.

సిల్వర్ మెటాలిక్ కాబట్టి డోర్ అంచు దగ్గరే రంగు ఆపితే వెనక డోరుతో తేడా కొడుతుంది. వెనక డోర్ సగం దాకా బేస్ పల్చగా కలిపి, క్లియర్ మాత్రం ఆ డోర్ మొత్తం కొట్టాలి. దీనికి అదనపు ప్యానెల్ చార్జీ అడుగుతారు. మొదటి పని తప్పు వల్ల వచ్చింది కాబట్టి అది కూడా వాళ్ళ ఖాతాలోకే.

మూడు చోట్ల ఫోటో అడగండి: రుద్దడం అయ్యాక, ప్రైమర్ ఆరాక, బేస్‌కి ముందు. డెలివరీ మధ్యాహ్నం ఎండలో తీసుకోండి. షెడ్డు ట్యూబులైటు కింద మెటాలిక్ తేడా కనపడదు. గేజ్ వెంట తీసుకెళ్ళి డోర్ 5 చోట్ల అక్కడే కొలవండి, 400 దాటకూడదు. మొదటి వారం ప్రెషర్ వాష్, నెల దాకా వ్యాక్స్ వద్దు. ఈ రెండూ వాళ్ళ చేత బిల్లు మీదే రాయించండి, రేపు మళ్ళీ వాషర్ మాట రాకుండా.